హుబారా పక్షి, వేట ధర్మం: ఒక చారిత్రక పరిశీలన

ఇమామ్ తబరీ (రహ్మ) (మరణం: హి.శ. 310, క్రీ.శ. 923) తమ ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో 'అన్నహ్ల్' సూరా 61వ ఆయతు సందర్భంగా హజ్రత్ అబూహురైరా (రజి)కు సంబంధించిన ఒక ఉదంతాన్ని ఉల్లేఖించారు. దుర్మార్గుడు తనకు తానే కీడు చేసుకుంటాడు గాని ఇతరులకు కాదని ఒక వ్యక్తి అనగా అబూహురైరా (రజి) విన్నారు. ఆ మాటను ఆయన అంగీకరించలేదు. దుర్మార్గుని దౌర్జన్యం వల్ల హుబారా పక్షి సైతం తన గూటిలో చిక్కి శల్యమై చనిపోతుందని ఆయన ప్రమాణం చేసి చెప్పారు.

ఇన్ని జీవులుండగా హుబారానే ఎందుకు పేర్కొన్నారు? హదీసులలోని క్లిష్ట పదాలకు నిఘంటువు కూర్చిన ఇబ్నుల్ అసీర్ (మరణం: హి.శ. 606, క్రీ.శ. 1210) దీనికి సమాధానమిచ్చారు. మానవుల పాపాలకు శిక్షగా వర్షం ఆగిపోతుంది. మేత కోసం పక్షులన్నిటిలోకి ఎక్కువ దూరం పోయేది హుబారా. బస్రాలో కోసిన హుబారా మేతసంచిలో పచ్చి బుత్మ్ గింజలు కనిపించేవి. ఆ చెట్లు పెరిగే ప్రాంతానికీ బస్రాకూ మధ్య ఎన్నో రోజుల ప్రయాణం ఉంది. అంత దూరం పోయి మేత వెదుక్కోగల పక్షికే తిండి కరువైతే తక్కిన జీవుల గతి ఏమిటన్నది ఆ మాటలోని అంతరార్థం. 'హయాతుల్ హైవాన్' రచయిత దమీరీ (మరణం: హి.శ. 808, క్రీ.శ. 1405) కూడా ఈ గింజల విషయాన్ని పేర్కొని, ఆ చెట్లు సిరియా సరిహద్దులలో పెరుగుతాయని రాశారు. పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వలసలను గుర్తించే పద్ధతి పుట్టడానికి శతాబ్దాల ముందే మన విద్వాంసులు పక్షి మేతసంచిని చూసి దాని ప్రయాణ దూరాన్ని ఊహించారన్నది గమనార్హం.

అదే హుబారా ఇప్పుడు ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలో ఉంది. దీనికి కారణాలలో ముఖ్యమైనది వేట. ఆ వేటగాళ్లలో అధిక సంఖ్యాకులు ముస్లిములు. వారు వేటాడుతున్నది హలాల్ పక్షిని, వాడుతున్నది ధర్మసమ్మతమైన డేగను. మరి తప్పెక్కడ జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశ్యం.

హుబారా జీవనం

హుబారా ఎడారి పక్షి. పొడవైన మెడ, పొడవైన కాళ్లు, ఇసుకలో కలిసిపోయే రంగు. బరువు ఒకటి నుంచి రెండున్నర కిలోల వరకు ఉంటుంది. చెట్లమీద వాలదు, నేలమీదనే తిరుగుతుంది, నేలమీదనే గుంట చేసుకుని రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. పిల్లల పెంపకమంతా ఆడపక్షిదే. డేగ మీదికి వచ్చినప్పుడు జిగురువంటి రెట్టను చిమ్మి దాని రెక్కలను అంటుకుపోయేలా చేస్తుంది. ఈ ఆత్మరక్షణ విధానాన్ని జాహిజ్ (మరణం: హి.శ. 255, క్రీ.శ. 868-69) తన 'కితాబుల్ హైవాన్'లో పేర్కొన్నాడు.

ఆసియా హుబారాలు వసంతకాలంలో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, మంగోలియా మైదానాలలో పిల్లలను చేస్తాయి. ఇమామ్ బుఖారీ (రహ్మ) జన్మస్థలమైన బుఖారాకు చేరువలోని కిజిల్‌కుమ్ ఎడారి కూడా వాటి పుట్టినిల్లే. శరత్కాలంలో మంచు పడకముందే దక్షిణానికి బయలుదేరి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, ఇరాక్, అరేబియా ఎడారులకు, మన దేశంలో రాజస్థాన్, గుజరాత్ పొడి నేలలకు చేరుకుంటాయి. సింధ్, పంజాబ్, బలూచిస్తాన్ ప్రాంతాలలో దీనిని 'తిలోర్' అంటారు. అంటే ఒక దేశంలో పుట్టిన పక్షి రెండు మూడు దేశాలు దాటి మరొక దేశంలో చలికాలం గడుపుతుంది. దాని మీద ఏ ఒక్క రాజ్యానికీ పూర్తి అధికారం లేదు. దాని క్షేమానికి ఏ ఒక్క రాజ్యమూ పూర్తి బాధ్యత వహించదు. వలస పక్షుల విషాదానికి మూలం ఇక్కడే ఉంది.

షరీఅత్ దృష్టిలో వేట

వేట ధర్మసమ్మతమే. 'అల్ మాయిదా' 4వ ఆయతు శిక్షణ పొందిన వేట జంతువులు పట్టిన దానిని అల్లాహ్ పేరు స్మరించి తినడానికి అనుమతించింది. హదీసు సంకలనాలలోనూ ఫిఖ్హ్ గ్రంథాలలోనూ వేటకు ప్రత్యేక అధ్యాయాలున్నాయి. దైవప్రవక్త (స)తో కలిసి హుబారా మాంసం తిన్నట్లు హజ్రత్ సఫీనా (రజి) తెలిపిన ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. దీనిని తిర్మిజీ (రహ్మ) 'గరీబ్'గా పేర్కొన్నప్పటికీ, హుబారా హలాల్ అన్న విషయంలో ధర్మశాస్త్రవేత్తలకు సందేహం లేదు.

వలస పక్షిని దైవప్రసాదంగా ఖుర్ఆన్ స్వయంగా పేర్కొన్నది. బనీ ఇస్రాయీల్‌కు ఎడారిలో లభించిన 'సల్వా' కంజు వంటి పక్షి అని అధిక సంఖ్యాక వ్యాఖ్యాతలు చెప్పారు. కంజులు నేటికీ సినాయ్ మీదుగా ఏటా వలస పోతున్నాయి. అయితే 'తాహా' సూరా 80, 81 ఆయతులను కలిపి చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. సల్వాను ప్రసాదించిన విషయం చెప్పిన వెంటనే, పరిశుద్ధమైన వాటిని తినండన్న అనుమతీ, అందులో హద్దు మీరవద్దన్న హెచ్చరికా జంటగా వచ్చాయి. అనుమతి ఎంత స్పష్టమో హద్దు కూడా అంతే స్పష్టం.

ఈ హద్దులను నాలుగు విధాలుగా చూడవచ్చు. మొదటిది కాలానికి సంబంధించినది. ఇహ్రామ్ స్థితిలో ఉన్న హాజీకి నేలమీది వేట నిషిద్ధం. అల్ మాయిదా 94వ ఆయతు ప్రకారం చేతికీ బల్లానికీ అందేంత దగ్గరకు వేట జంతువులను రానిచ్చి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడు. తెలిసి చంపినవాడు చెల్లించవలసిన పరిహారం తర్వాతి ఆయతులో ఉంది. రెండవది స్థలానికి సంబంధించినది. మక్కా హరమ్‌లో వేట జంతువును చంపడం మాట అటుంచి, బెదరగొట్టి తరమడం కూడా కూడదు. మదీనా విషయంలో హనఫీ ఫుఖహా అభిప్రాయం కొంత భిన్నమైనా, ఆ నగరాన్ని కూడా దైవప్రవక్త (స) హరమ్‌గా ప్రకటించారన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మదీనాలో జింకలు మేస్తూ కనిపించినా వాటిని బెదరించనని చెప్పిన సహాబీ కూడా అబూహురైరా (రజి)యే.

మూడవది పద్ధతికి సంబంధించినది. ప్రాణమున్న దానిని గురిచూసే లక్ష్యంగా వాడరాదు. ఒక పక్షిని కట్టివేసి దానిపై బాణాలు వేస్తున్న యువకులను హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) మందలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. నాలుగవది ఉద్దేశ్యానికి సంబంధించినది. పిచ్చుకనైనా సరే, ప్రయోజనం లేకుండా చంపితే అది ప్రళయదినాన తన్ను వృథాగా చంపారని అల్లాహ్ ఎదుట మొర పెట్టుకుంటుందన్న భావంగల హదీసు నసాయీలో ఉంది. పిచ్చుక హక్కు ఏమిటన్నదానికి మరొక ఉల్లేఖనంలో సమాధానం లభిస్తుంది: దానిని జిబహ్ చేసి తినడం, అంతేగాని తల తుంచి పారవేయడం కాదు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథమైన 'అద్దుర్రుల్ ముఖ్తార్' వేటను ముబాహ్‌గా చెబుతూ, కేవలం వినోదార్థం చేసే వేటను ఆ అనుమతి నుంచి మినహాయించింది. షాఫయీ విద్వాంసుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం: హి.శ. 660, క్రీ.శ. 1262) మనుషుల మీద జంతువులకున్న హక్కులను వరుసగా పేర్కొన్నారు.

షరీఅత్ వేటను అవసరంతో ముడిపెట్టింది, విచ్చలవిడితనంతో కాదు. ఇది మొదట మనసులో ఉంచుకోవలసిన విషయం.

రాజుల వేట, బదూల వేట

ముస్లిం చరిత్రలో వేట రెండు మార్గాలలో సాగింది. ఒకటి రాజాస్థానాల వేట. సిరియాలోని షైజర్ కోటకు చెందిన ఉసామా బిన్ మున్ఖిజ్ (క్రీ.శ. 1095-1188) తన స్వీయచరిత్ర చివరి భాగాన్ని వేట జ్ఞాపకాలకే కేటాయించాడు. అతని తండ్రి ఉపవాసాలుండి, ఖుర్ఆన్ ప్రతులను స్వహస్తంతో రాసుకుంటూ, మిగిలిన కాలాన్ని డేగలతో వేటలో గడిపిన భక్తుడు. మొఘల్ చక్రవర్తి జహంగీర్ తీరు వేరు. పన్నెండవ ఏట నుంచి యాభయ్యవ ఏటివరకు తాను స్వయంగా చంపిన జంతువుల లెక్క అతడు తన 'తుజుక్'లో రాయించాడు. మొత్తం 17,167, అందులో పక్షులే 13,964. ఆ వయసులోనే ఇకమీదట తన చేత్తో ప్రాణులను చంపనని అతడు మొక్కుకున్నాడు. తర్వాత ఆ మొక్కును నిలుపుకోలేకపోయాడు. లెక్క రాయించిన చేతికే పశ్చాత్తాపం కలిగిందన్నది మనం గుర్తుంచుకోదగినది.

రెండవది ఎడారి బదూల వేట. ఇది విలాసం కాదు. ఖర్జూరం, ఒంటెపాలతో చలికాలం గడిపే కుటుంబానికి ఒక హుబారా దొరికితే ఆ పూట కుండలో మాంసం ఉన్నట్లు. శరత్కాలంలో హుబారాల వెంటే డేగలు కూడా ఉత్తరం నుంచి వలస వచ్చేవి. బదూలు సఖర్, షాహీన్ జాతుల డేగలను వల పన్ని పట్టి, రాత్రింబవళ్లు మణికట్టు మీద మోస్తూ రెండు మూడు వారాలలో మచ్చిక చేసేవారు. చలికాలమంతా వేటాడి, వేసవి వేడిలో డేగను బ్రతికించడం కష్టం గనుక వసంతంలో తిరిగి వదిలివేసేవారు. మరుసటి ఏడు మళ్లీ కొత్త డేగ.

ఈ వేటకు హద్దులు ఎవరూ గీయలేదు. అవి వాటంతట అవే ఉన్నాయి. ఒంటె పోగలిగినంత దూరమే వేటగాడు పోగలడు. తోలుతిత్తిలోని నీరు ఉన్నంతవరకే అతని ప్రయాణం. డేగ అలసిపోతే వేట ముగిసినట్లే. దొరికినది తినడానికే గనుక అవసరానికి మించి చంపడంలో అర్థం లేదు. 1940 దశకం చివర్లో ఆంగ్ల యాత్రికుడు థెసిజర్ అల్ ఐన్ ప్రాంతంలో షేక్ జాయిద్‌తో కలిసి ఒంటెలమీద డేగవేటకు వెళ్లి ఆ జీవితాన్ని తన 'అరేబియన్ సాండ్స్' గ్రంథంలో (1959) వర్ణించాడు. ఆ తరహా వేటకు అవే చివరి రోజులు.

మోటారు వచ్చిన తర్వాత

1938లో సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో చమురు పడింది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఆ ధనంతో పాటు జీపులు, ట్రక్కులు, వైర్‌లెస్‌లు, నీళ్ల ట్యాంకర్లు ఎడారిలోకి వచ్చాయి. ఒంటె వారం రోజులలో తిరిగే దూరాన్ని జీపు ఒక పూటలో తిరిగింది. డేగ ఒకటి అలసిపోతే పెట్టెలో మరొక పది సిద్ధంగా ఉండేవి. వేటగాని ఆకలి వేటకు కొలతగా ఉండడం మాని, అతని సంపద కొలత అయింది. కొన్ని దశాబ్దాలలోనే అరేబియా ద్వీపకల్పంలో హుబారాలు చాలా చోట్ల కనుమరుగయ్యాయి. అప్పుడు వేట బృందాలు ఇరాక్, ఇరాన్, పాకిస్తాన్, మొరాకో, అల్జీరియా వైపు తరలాయి.

ఈ దోషం అరబ్బులకు మాత్రమే అంటగట్టడం న్యాయం కాదు. మన దేశంలోని భరత్‌పూర్ నీటిమడుగులలో 1938 నవంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజున 4,273 పక్షులను తుపాకులతో కాల్చింది. చలికి తాళలేక ఉత్తరాది నుంచి ఆ మడుగులకు వలస వచ్చిన బాతులు అందులో ఎన్నో ఉన్నాయి. ఆ సంఖ్యను అక్కడ రాతిపలక మీద చెక్కించారు. సాధనం మారినప్పుడు మనిషి తన హద్దును తాను గీసుకోకపోతే, ఏ మతంవాడైనా, ఏ జాతివాడైనా చేసేది ఇదే. అయితే ఇతరుల తప్పు మనకు సాకు కాదు. హద్దుల గురించి ఖుర్ఆన్ చెప్పింది మనకు.

1978-79 చలికాలంలో సౌదీ రాజకుటుంబానికి చెందిన ఒక బృందం హుబారా వేటకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారికి వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికే అమలులో ఉంది. రాజస్థాన్ ప్రజలు నిరసన తెలిపారు, పత్రికలు రాశాయి. ఆ వేట ఆగిపోయింది. 1980లో జైపూర్‌లో ఈ జాతి పక్షులను గురించి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో హుబారా వేటకు తలుపు ఆనాడే మూసుకున్నది.

పాకిస్తాన్‌లో అలా జరగలేదు. అక్కడ స్వదేశీయులకు హుబారా వేట నిషిద్ధమే. కాని గల్ఫ్ దేశాల ప్రముఖులకు విదేశాంగశాఖ ప్రత్యేక అనుమతులు ఇస్తూ వచ్చింది. ఒక్కొక్క అనుమతికి పది రోజులలో నూరు పక్షులన్నది పరిమితి. 2014లో బయటపడిన బలూచిస్తాన్ అటవీశాఖ నివేదిక ప్రకారం, ఒక వేట బృందం చాగయ్ ప్రాంతంలో ఇరవై ఒక్క రోజులలో 2,100 పక్షులను చంపింది. 2015 ఆగస్టు 19న పాకిస్తాన్ సుప్రీంకోర్టు హుబారా వేటను పూర్తిగా నిషేధించింది. 2016 జనవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురి మెజారిటీతో ఆ తీర్పును పక్కన పెట్టింది. ఒక న్యాయమూర్తి విభేదించారు.

ఈ అనుమతుల వెనుక ఉన్న వాదనను కూడా వినాలి. వేట బృందాల రాకతో బీద ఎడారి జిల్లాలలో రోడ్లు, ఆసుపత్రులు, మసీదులు వెలిశాయి. పల్లెవాసులకు చలికాలంలో కూలి దొరికింది. ఇది అబద్ధం కాదు. కాని ఆ మేలుకు పెట్టుబడి ఏది? ఏటా వచ్చే పక్షే కదా! పక్షి రాకపోతే ఆ బృందాలూ రావు, ఆ కూలీ ఉండదు. పైగా వేటతోపాటే మరొక చీకటి వ్యాపారం పెరిగింది. డేగలకు శిక్షణ ఇవ్వడానికి హుబారాలను బ్రతికుండగానే పట్టి, పెట్టెలలో కుక్కి దొంగతనంగా గల్ఫ్‌కు పంపడం మొదలయింది. దారిలోనే ఎన్నో చచ్చిపోతాయి. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం హుబారా వాణిజ్యం నిషిద్ధం. తినడానికీ కాక, వేటకూ కాక దారిలో చచ్చే ఆ పక్షులకు నసాయీ హదీసులోని పిచ్చుక మొర సరిగ్గా వర్తిస్తుంది.

దిద్దుబాటు ప్రయత్నాలు

వేటగాళ్లే ముందుగా ప్రమాదాన్ని గుర్తించిన సందర్భాలూ ఉన్నాయి. స్వయంగా డేగవేటగాడైన షేక్ జాయిద్ ఆధ్వర్యంలో 1976లో అబుధాబీలో డేగవేట, సంరక్షణ అంశాలపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. అల్ ఐన్ జంతుప్రదర్శనశాలలో హుబారాల పెంపకం మొదలై 1982లో మొదటి పిల్ల పొదగబడింది. సౌదీ అరేబియా 1986లో తాయిఫ్‌లో వన్యప్రాణి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పి, 1991 నుంచి మహాజతుస్సైద్ అనే కంచెవేసిన రక్షితభూమిలో హుబారాలను తిరిగి వదలసాగింది. 1995లో మొరాకోలోని మిస్సూర్‌లో అబుధాబీ పెంపకకేంద్రం వెలిసింది. అదే ఏడు, వేటకాలం ముగియగానే డేగలను తిరిగి ఆకాశంలోకి వదిలే బదూల ఆచారాన్ని షేక్ జాయిద్ పేరిట ఒక వార్షిక కార్యక్రమంగా పునరుద్ధరించారు. 2006లో హుబారా సంరక్షణకు ప్రత్యేకంగా అంతర్జాతీయ నిధి ఏర్పడింది. ఈ కేంద్రాలలో ఇప్పటివరకు లక్షలాది పక్షులు పెరిగాయి.

ఈ కృషి ప్రశంసనీయమే. ఐతే దీనితో సమస్య తీరిపోయిందనుకోవడం పొరపాటు. కిజిల్‌కుమ్ ఎడారిలో ఏళ్ల తరబడి సాగిన పరిశోధన తేల్చిన విషయం ఇది: పెంచి వదిలిన పక్షులు అడవి పక్షులంత బాగా బ్రతకవు, వలసదారులను వాటిలాగా పట్టుకోలేవు. వేటను నియంత్రించకుండా పెంపకం ఒక్కటే వలస హుబారాలను నిలబెట్టలేదు. ఎంత వేటాడవచ్చునన్నది ఏటా ఎన్ని పిల్లలు బ్రతికి ఎగురుతున్నాయన్న లెక్క మీద ఆధారపడాలి. అసలు తరగకుండా పెరుగుదలను మాత్రమే వాడుకోవడం రైతుకు తెలిసిన నీతే. విత్తనపు గింజ తినేవాడు మరుసటి ఏడు పస్తుంటాడు.

ఉపగ్రహాలకు సంకేతాలిచ్చే చిన్న పరికరాలను పక్షుల వీపున కట్టి 1990 దశకం నుంచి వాటి దారులను గుర్తిస్తున్నారు. మధ్య ఆసియాలో పుట్టిన పక్షి ఏ కనుమల గుండా దక్షిణానికి పోతున్నదో, ఎక్కడ ఆగుతున్నదో, ఎక్కడ చనిపోతున్నదో ఇప్పుడు తెలుసు. ఇబ్నుల్ అసీర్ కాలంలో మేతసంచిలోని గింజ చెప్పిన కథను నేడు ఆకాశంలోని యంత్రం చెబుతోంది. తెలియక చేశామని చెప్పుకునే అవకాశం ఇక లేదు.

హలాల్‌ను నియంత్రించవచ్చునా?

ఇక్కడ కొందరు ధార్మికులు ఒక ఆక్షేపణ తెస్తారు. అల్లాహ్ హలాల్ చేసిన దానిని హరామ్ చేసుకోవద్దని అల్ మాయిదా 87వ ఆయతు ఆదేశించింది. హుబారా హలాల్, వేట హలాల్. మరి నిషేధించడానికి ప్రభుత్వాలెవరు, కోర్టులెవరు అన్నది వారి ప్రశ్న. ప్రశ్న బరువైనదే. దీనికి సమాధానం దైవప్రవక్త (స) ఆచరణలోనే ఉంది.

ఒక సంవత్సరం ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి నిలవ ఉంచుకోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. కరువుబారిన పడిన బీదలు ఆ సమయంలో మదీనాకు వచ్చి ఉండడమే దీనికి కారణం. మరుసటి ఏడు పరిస్థితి మెరుగుపడగా ఆ ఆంక్షను తొలగించారు. ఈ విషయం బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉంది. ఖుర్బానీ మాంసం కంటె స్పష్టమైన హలాల్ ఏముంటుంది? అయినా ప్రజాప్రయోజనం కోసం దాని వాడకానికి కొంతకాలం హద్దు ఏర్పడింది. హలాల్ హరామ్‌గా మారలేదు. దాని వాడకానికి కాలపరిమితి వచ్చింది. ఇహ్రామ్ కూడా ఈ పాఠమే నేర్పుతుంది. నిన్నటి హలాల్ వేట నేడు ఇహ్రామ్ ధరించినంత మాత్రాన నిషిద్ధమై, విప్పగానే తిరిగి ధర్మసమ్మతమవుతుంది.

'హిమా' వ్యవస్థ మరొక నిదర్శనం. దైవప్రవక్త (స) మదీనా సమీపంలోని నఖీ పచ్చికభూమిని ముస్లిముల గుర్రాల కోసం రక్షించారు. హజ్రత్ ఉమర్ (రజి) రబజా, షరఫ్ ప్రాంతాలను అలాగే రక్షించారు. మేపడం హలాలే, గడ్డి అందరిదే. అయినా అందరి ప్రయోజనం కోసం కొంత భూమిలో మేతను ఆపారు. 1983లో సౌదీ పర్యావరణ శాఖ కోసం ముస్లిం విద్వాంసులు కొందరు పర్యావరణ రక్షణకు ఇస్లామీయ సూత్రాలను వివరించే గ్రంథం రచించినప్పుడు హిమాకు అందులో ప్రముఖస్థానమిచ్చారు. తనకు హాని చేసుకోవడమూ, ఇతరులకు హాని చేయడమూ కూడదన్న ప్రసిద్ధ ధర్మసూత్రం కూడా ఇక్కడ వర్తిస్తుంది. రేపటి తరం ముస్లిం బాలుడు 'హుబారా' అన్న పేరును హదీసు గ్రంథంలో చదివి, ఆ పక్షి ఎలా ఉండేదని తన ఉస్తాద్‌ను అడగవలసి వస్తే, ఆ హాని అతనికి చేసింది మనమే అవుతాం.

కనుక ఈ వ్యాసకర్త అభిప్రాయం ఇది. హుబారా హలాల్, డేగవేట ఒక గౌరవనీయమైన వారసత్వం. కాని బదూల వేట హద్దులో ఉన్నది వారి సాధనాల బలహీనత వల్ల. సాధనాలు బలపడిన నాడు ఆ హద్దును తఖ్వా గీయాలి, తఖ్వా చాలని చోట చట్టం గీయాలి. ఒంటె విధించిన హద్దును జీపు తొలగించినా, ఖుర్ఆన్ విధించిన హద్దు తొలగలేదు. హుబారాల సంఖ్య తిరిగి నిలదొక్కుకునే వరకు వేటను కట్టడి చేయడం హలాల్‌ను హరామ్ చేయడం కాదు; హలాల్‌ను రాబోయే తరాలకు మిగల్చడం.

మన నేల సంగతి

హుబారా మన తెలుగునేలకు రాదు. దాని పెద్ద చుట్టం బట్టమేక పిట్ట మాత్రం మన దగ్గర ఉండేది. ఆ పక్షి కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యాన్ని ప్రకటించారు. దీని రక్షణ కోసం గట్టిగా వాదించినవారిలో ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సలీం అలీ (1896-1987) ఒకరు. చిన్నతనంలో గాలితుపాకితో తాను కొట్టిన ఒక పిచ్చుక మెడమీద పసుపు మచ్చ చూసి, అది ఏ జాతిదో తెలుసుకోవాలన్న ఆసక్తితో ఆయన ఈ శాస్త్రంలో ప్రవేశించారు. 1931-32లో నిజాం రాష్ట్రంలోని పక్షులన్నిటినీ సర్వే చేసినవారు ఆయనే. వేటగాడుగా మొదలై పక్షుల రక్షకుడుగా ముగిసిన ఆ ముస్లిం విద్వాంసుని జీవితం మనకు ఆదర్శప్రాయం.

అయినా నేడు రోళ్లపాడులో బట్టమేక దాదాపు కనుమరుగయింది. దేశం మొత్తంమీద నూటయాభై వరకు మాత్రమే మిగిలాయని అంచనా. అందుకు ఏ రాజకుమారుని డేగా కారణం కాదు. పూర్వపు తుపాకి వేట, పచ్చికబయళ్లు సాగులోకి రావడం, విద్యుత్ తీగలకు తగిలి చనిపోవడం వంటివి కారణాలు. అంటే ఎడారి వేటగాడిని నిందించి చేతులు దులుపుకునే హక్కు మనకూ లేదు. ఏటా చలికాలంలో పులికాట్‌కూ కొల్లేరుకూ వలస బాతులు వస్తాయి. వాటికి వల పన్నేవారూ, ఆ మాంసాన్ని కొనేవారూ మన మధ్యనే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, నెల్లూరు ప్రాంతపు నేలపట్టులోనూ పల్లెవాసులు మాత్రం ఏటా వచ్చే పక్షులను శుభసూచకంగా భావించి కాపాడుకుంటున్నారు. జిబహ్ చేశామా లేదా అని విచారించే మనం, ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో, దానిని పట్టడం న్యాయమో కాదో కూడా విచారించడం అవసరం.

దుర్మార్గుని కీడు అతనితోనే ఆగుతుందని ఆనాడు ఒక వ్యక్తి అనుకున్నాడు. అబూహురైరా (రజి) ఆ మాటను సవరించారు. మనిషి తప్పుకు వర్షం ఆగి హుబారా గూటిలో చనిపోవడం ఆయన చెప్పిన విషయం. మన కాలంలో అంత దూరం పోనక్కరలేదు. తప్పుకూ ఆ పక్షి చావుకూ మధ్య దూరం ఒక జీపు ప్రయాణమంత తగ్గింది. దీనిని సరిదిద్దే బాధ్యత, వేట ధర్మాన్ని గ్రంథాలలో చదివి, ఆ గ్రంథాలను గౌరవించే ఉమ్మత్‌దే.